మధ్యాహ్నం తర్వాత నీళ్ళు

మదనపల్లె,
3 మార్చి 2003, సోమవారం.

చిన్నమ్మకు నీ షైలజ వందనాలు.

ఈ పొద్దు మా క్లాసు ఎట్లా మొదలైందో చెప్తే నువ్వు నమ్మవు. దీవెనమ్మ టీచరు లోపలికి వచ్చారు. హాజరు పిలవలేదు. చెప్పులు విడిచి, మంచాన పడ్డవాళ్ళను చూసుకునే పని మేము నేర్చుకోవడానికని గది మధ్యలో వేసిన ఇనప మంచం ఎక్కి వెల్లకిలా పడుకున్నారు. కళ్ళు తెరిచే ఉన్నాయి. నోరు మాత్రం మెదపలేదు.

మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. వాయల్పాడు నుంచి వచ్చే కిరణ్ అని ఒకడున్నాడు, మా క్లాసులో మగపిల్లవాడు వాడొక్కడే. "టీచరుకు కళ్ళు తిరిగినట్టుండాది, డాక్టరును పిలుద్దామప్పా" అన్నాడు. వెనక నుంచి సుప్రజ "పరీక్ష పెడతాండారు, గమ్మునుండు" అంది. ఇంతలో ఒక ఈగ వచ్చి టీచరు ముక్కు మీద వాలింది. ఆమె తోలుకోలేదు. నేను పోయి పుస్తకంతో విసిరాను. ఇంకొకామె వచ్చి కొంగు సర్దింది. టీచరు అట్లా చాలాసేపు పడుకుని, చివరికి లేచి కూర్చుని అన్నారు: "ఇంతసేపూ నా గురించి మాట్లాడుకున్నారు. నాతో ఒక్కరూ మాట్లాడలేదు."

ఇది మా కొత్త పాఠం చిన్నమ్మా. మనకు అప్పగించిన మనుషులకు మన చేతుల్లోనే జరిగే హానిని ఎట్లా గుర్తుపట్టాలి, ఎట్లా జరగకుండా చూసుకోవాలి అని. కొట్టడం, తిట్టడం, కట్టేయడం అందరికీ కనపడతాయంట. చెయ్యాల్సింది చెయ్యకపోవడం కనపడదు, చేసేవాళ్ళకు కూడా కనపడదు అన్నారు టీచరు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ఈ రెండోదాన్ని తెలుగులో ఏమంటారని అడిగారు. నిర్లక్ష్యం అన్నాడు కిరణ్. అశ్రద్ధ అంది సుప్రజ. నేను హాస్టలుకు వచ్చి నిఘంటువు తిరగేసి 'ఉపేక్ష' పట్టుకున్నాను. చూస్తూ చూస్తూ ఊరకుండటం. అంత చెడ్డ పనికి ఎంత అందమైన మాటో. మధ్యాహ్నం నుంచి దాన్ని నోట్లో చప్పరిస్తూనే ఉన్నాను.

ఇంటిపని ఇచ్చారు. బాగా చూసుకునే మనిషి ఎవరైనా మీకు తెలిసుంటే, ఆ మనిషి ఏం చేస్తుందో కనుక్కుని వచ్చి చెప్పమన్నారు. నాకు నువ్వు తప్ప ఎవరు గుర్తొస్తారు? పాస్టరు గారి ఇంటి చుట్టూ తిరిగి నాకీ సీటు ఇప్పించిందే నువ్వు. మీ హోమ్‌లో పిల్లలను ఎట్లా చూసుకుంటావో వివరంగా రాయి. 'బాగుండాము' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు.

నీ షైలజ


కుప్పం,
12 మార్చి.

బిడ్డ షైలజకు విమల చిన్నమ్మ దీవెనలు.

జాబు అందింది. మీ టీచరమ్మ మంచమెక్కి పండుకుంటే జీతమిస్తారా. నేను పండుకుంటే శాలేము రాజు సారు మూట కట్టించి ఇంటికి పంపిస్తాడు. హోమ్‌కు ఆయప్పే సెక్రటరీ, ఆయప్పే తాళంచెవి.

వివరంగా రాయమంటివి. రాస్తాండాను, సదువుకో. ఈడుండే పిల్లోళ్ళకు నడక లేదు, కొందరికి మాట లేదు. ముందు నేనూ ఆదెమ్మా ఇద్దరం ఆయాలం. ఆదెమ్మ పోయిన దీపావళికి బెంగుళూరుకు, గార్మెంట్స్ పనికి ఎల్లిపాయ. అప్పట్నించి నేనొక్కదాన్నే. వంటకు పాపమ్మ ఉండాది, ఆయమ్మకు పొయ్యి కాడ్నే పొద్దు సరిపోతాది. బోరు ఎండిపోయి ఎన్నాళ్ళాయనో. ట్యాంకరు అంకయ్య ఎప్పుడొస్తే అప్పుడే మాకు నీళ్ళు. ఆయప్ప హారన్ ఇన్నామంటే బిందెలెత్తుకోని పరిగెత్తాల్సిందే. ఇట్లాంటప్పుడు దుప్పట్లు ఉతకమంటే ఎట్లా ఉతికేది, నువ్వే చెప్పు.

మా అర్చన ఉండాది కదా, దాని గురించి చెప్పు మీ క్లాసులో. పదారేండ్ల పిల్ల, రామకుప్పం పక్క పల్లె. కాళ్ళూ చేతులూ బిగుసుకోని ఉంటాయి, మాట రాదు. కండ్లు మాత్రం మా సెడ్డ కండ్లు, నేను యాడికి పోతే ఆడికొస్తాయి. ఆదెమ్మ పోయినాక దినామూ పక్క తడిపేది. తడిలో పండుకుంటే ఒళ్ళు పుండ్లు పడతాది. నేనొక పద్ధతి పెట్టినా. ఇప్పటికి నెలకు పైనాయ, ఒక్క దుప్పటి తడవలేదు. ఒంటి మీద ఒక్క పుండు లేదు. సారు కూడా సూసి "బలే పని చేస్తివి విమలమ్మా" అన్న్యాడు. పద్ధతి ఏందని అడగొద్దు. రాస్తే మీ క్లాసంతా కాపీ కొడతారు.

మాపటేల అయితే పాట మొదలుపెడతాది. నాలుకతో టక్ టక్ టక్ అని. నేను చప్పట్లు కొడతా, పాపమ్మ గరిటెతో తాళమేస్తాది. ఈ పిల్లకు నేనంటే ప్రాణం.

ఉపేక్ష అంటివే, అది ఉడకబెట్టుకోని తినేదా, తాలింపు పెట్టేదా. కడుపుకు బాగా తిను.

విమల చిన్నమ్మ


మదనపల్లె,
20 మార్చి.

చిన్నమ్మకు వందనాలు.

నీ జాబును క్లాసులో నిలబడి చదివాను. గార్మెంట్స్, ట్యాంకరు, గరిటె తాళం, ఏదీ వదలకుండా. అందరూ చప్పట్లు కొట్టారు. "మీ చిన్నమ్మ దగ్గర నాకు ట్రైనింగ్ ఇప్పీ మే" అని సుప్రజ నా జడ లాగింది. నాకు గర్వంగా ఉంది.

టీచరు చప్పట్లు కొట్టలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ పాప మధ్యాహ్నం తర్వాత ఏం తాగుతుందో కనుక్కో" అన్నారు. అంతే, ఇంకేం లేదు. బాగుందనైనా అనలేదు. కిరణ్ వాళ్ళ అవ్వ గురించి చెప్తే 'చక్కగా గమనించావు' అన్నారు, నీ గురించి చెప్తే ఇట్లా ఒక ప్రశ్న. ఈ టీచరుకు ఎవరినీ మెచ్చుకోవడం ఇష్టం ఉండదు. ఆమె ప్రశ్నలు చెప్పులో గులకరాయి మాదిరి ఉంటాయి, నడిచినంతసేపూ పొడుస్తాయి. నాకు చాలా కోపం వచ్చింది, నిజంగా.

అడగమన్నారు కాబట్టి అడుగుతున్నాను. మధ్యాహ్నం తర్వాత ఏం తాగుతుంది? పాలా, మజ్జిగా? ఒక్క వాక్యం రాస్తే చాలు. ఆ వాక్యం ఆమె ముందు పెట్టి తల ఎత్తుకుని నిలబడతాను.

నీ షైలజ


కుప్పం,
2 ఏప్రిల్.

బిడ్డకు దీవెనలు.

ఇప్పుడే ఎండలు ఇట్లుండాయి, మే నెలలో ఏమవుతామో. అంకయ్య ట్యాంకరు టైరు పేలిందని రెండు వారాలకు ఒక్కతూరి వచ్చినాడు. సారును అడిగితే ఇంకో ట్యాంకరు చెప్తామన్నాడు, చెప్పలేదు. రెండో ఆయా సంగతి అడిగితే ప్రార్థన చేద్దామన్నాడు. నేను చేస్తానే ఉండాను, చేసీ చేసీ మోకాళ్ళు నొప్పులు.

మీ అమ్మకు చింతపండు పంపించినా, అందిందో లేదో రాయమను. నీకు పావడా గుడ్డ ఒకటి తీసిపెట్టినా. పాపమ్మ కూతురికి పెండ్లి కుదిరింది. మీ పాస్టరు గారి ఆరోగ్యం ఎట్లుండాది?

మీ టీచరమ్మ అడిగిందానికి, మధ్యాన్నం అన్నంతో పాటే ఒక గ్లాసు నీళ్ళు తాగుతాది. అది చాలు దానికి. కదలకుండా పండుకున్న మనిషికి ఎంత దప్పి ఉంటాది. ఈయమ్మ యాడా పని చేసినట్టు లేదు, నోటితో చెప్పేవాళ్ళకేం.

అర్చనకు రొండు దినాల నుంచి ఒళ్ళు ఎచ్చగా ఉండాది. ఎండ దెబ్బ.

విమల చిన్నమ్మ


పుంగనూరు, అమ్మ దగ్గర నుంచి,
17 ఏప్రిల్.

చిన్నమ్మా,

ఇళ్ళకు పోయి చూసే పని నేర్చుకోవడానికి నన్ను పుంగనూరుకే వేశారు. రోజూ ఒక ఇల్లు. ఈ పొద్దు రెడ్డెప్ప అనే ఆయన ఇంటికి పోయాను. పోయినేడు చింతకాయలు దులుపుతూ చెట్టు మీంచి పడి నడుము విరిగింది. ఇప్పుడు మంచమే. భార్య పేరు పాపక్క, టమోటా తోటల్లో కూలికి పోతుంది.

ఇల్లు అద్దం మాదిరి ఉంది. దుప్పటి తెల్లగా, సబ్బు వాసన. పాపక్క నన్ను చూసి సంతోషంగా, "సూడమ్మా పక్క ఎంత పొడిగా ఉండాదో. నేను మధ్యాన్నం తోటకు పోతానే, మళ్ళా మాపటికే వచ్చేది. అంతదాకా ఎవురు తీస్తారు? దానికే పొద్దున ఒక లోటా నీళ్ళిచ్చి అంతటితో సరి. తడవనే తడవదు. ఆయప్పకూ అలవాటయిపాయ" అంది.

రెడ్డెప్ప గోడ వైపు చూస్తూ అన్నాడు: "నాకు అలవాటు కాలేదమ్మా. అడగడం మానేసినా."

పాపక్క నవ్వింది. "ఊరికే అంటాడులేమ్మా."

నేను ఆయన నోరు చూశాను. పెదవులు బెరడు మాదిరి ఉన్నాయి. ఒంటికి పోయే సీసాలో మూత్రం కషాయం రంగులో ఉంది. నేను కూర్చున్నంతసేపూ ఆయన నోట్లోంచి ఒక చప్పుడు వస్తూనే ఉంది. ఏందన్నా అది అని అడిగాను. "నాలుక పోయి అంగిట్లో అతుక్కుంటాదమ్మా. విడదీసుకుంటాంటే టక్ మంటాది" అన్నాడు.

చిన్నమ్మా, ముందు ఆయనకు ఒక లోటా నీళ్ళు తాపాను. పాపక్క చెడ్డ మనిషి కాదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ కొట్టడం లేదు, తిట్టడం లేదు. ఆమె మొగుడి కోసం రాత్రీ పగలూ కష్టపడుతుంది. నీ జాబుల్లోని మాటలే ఆమె నోటి నుంచీ వచ్చాయి: నీ 'తడవలేదు' ఆమెకు 'తడవదు', నీ 'చాలు' ఆమెకు 'అంతటితో సరి'.

నీ పద్ధతి ఏందో నాకు తెలిసింది. అర్చన పాట పాడటం లేదు. రెడ్డెప్పకు మాట ఉంది కాబట్టి చెప్పాడు. ఆ పిల్లకు లేదు. నువ్వు చప్పట్లు కొట్టావు, నేను దాన్ని క్లాసులో చదివి చప్పట్లు కొట్టించాను.

ఆ జ్వరం ఎండదో కాదో ఆస్పత్రిలో చూపించు. ఈ జాబు చేతికి అందగానే దానికి నీళ్ళు తాపు. ఎండ తగ్గినాక కూడా, పొద్దు కుంకినాక కూడా. నేను రాసేది అమ్మ చూసి, "మీ చిన్నమ్మకు రాసేటప్పుడు జాగ్రత్త. అది లేకుంటే నువ్వీపాటికి మదనపల్లె మార్కెట్లో టమోటా గంపలు మోస్తాంటావు" అంది. నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

షైలజ


కుప్పం,
25 ఏప్రిల్.

షైలజకు,

కార్డు మీద ఎక్కువ రాయడానికి చోటు లేదు, నాకు తీరికా లేదు. అర్చనను ఆస్పత్రికి తీసకపోయినాము. ఒంటికి ఎర్రగా పోతాంటే దానికేదో మాత్రలిచ్చి, సూదేసినారు. జ్వరం తగ్గింది.

నువ్వు పుట్టినప్పుడు నీ గుడ్డలు మార్చింది నేను. నాకు పని నేర్పొద్దు. ఇంక ఈ సంగతి రాయొద్దు.

విమలమ్మ


మదనపల్లె,
5 మే.

చిన్నమ్మా,

నీ కార్డులో అర్చనకు నీళ్ళు ఇచ్చావో లేదో లేదు. ఎన్నిసార్లు చదివినా లేదు. 'ఎర్రగా' అనే మాట మాత్రం ఉంది. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. ఇంకో జాబు కూడా రాశాను, నువ్వు జవాబివ్వలేదు.

నేను దీవెనమ్మ టీచరుకు చెప్పేశాను.

ఆమె నిన్ను ఒక్క మాట అనలేదు. "ఒక్క మనిషి మీద అంతమందిని వేస్తే ఎవరైనా ఏదో ఒక పద్ధతి కనిపెడతారు" అన్నారు. నన్ను వెంటబెట్టుకుని ఎస్టీడీ బూత్‌కు పోయి శాలేము రాజు గారికి ఫోన్ చేశారు. నేను పక్కనే నిలబడి విన్నాను. నీళ్ళకు ఏర్పాటు చెయ్యండి, రెండో ఆయాను పెట్టండి, అక్కడ పనిచేసేవాళ్ళకూ హోమ్ నడిపే కమిటీ వాళ్ళకూ మేము వచ్చి క్లాసు చెప్తాం, ఖర్చు మాదే అన్నారు. ఆయన "తప్పకుండా తల్లీ, చూస్తాను" అన్నాడు.

ఉపేక్ష అనే మాట నాకు నచ్చిందని రాశాను కదా. ఇప్పుడు ఆ మాటను చూస్తే ఒళ్ళు మండుతుంది. ఊరకుంటే అది నేనే అవుతాను.

క్షమించమని అడగను చిన్నమ్మా. అడిగితే, చెప్పకుండా ఉండాల్సింది అని అర్థం వస్తుంది. కానీ నాకు జాబు రాయి. తిట్టయినా రాయి.

షైలజ


పుంగనూరు,
24 మే.

షైలజకు,

తిట్టమంటివి కదా. తిట్టడానికే రాస్తాండాను.

మీ టీచరమ్మ ఫోన్ చేసినాక సారు నన్ను ఆఫీసుకు పిలిపించినాడు. "మన హోమ్‌కు చెడ్డపేరు తెచ్చినావమ్మా" అన్న్యాడు. బలే పని చేస్తివి అన్న నోరే అది. "సారూ, నీళ్ళు?" అన్న్యా. "ముందు నువ్వు ఖాళీ చెయ్యి, తర్వాత నీళ్ళు" అన్న్యాడు. ఏడేండ్లు చేసినా ఆ హోమ్‌లో. ఇప్పుడు అక్క ఇంట్లో పప్పు రుబ్బుతాండాను. సంతోషమేనా నీకు? మంచి మార్కులు పడతాయా?

నా బదులు వి.కోట నుంచి ఒక పిల్లను పెట్టినారు. ఒక వారం దానికి పని చూపించి పొమ్మన్నారు. అర్చనను ముట్టుకోవద్దని నాకు ఆర్డరు. సరేలెమ్మని గడప కాడ కూసోని చెప్తాంటి, ఇది ఈడ పెట్టు, అది ఆడ పెట్టు అని. నీళ్ళ గురించి నేనొక్క మాట చెప్పలేదు, దేవుడి తోడు. ఆ పిల్ల మూడు దినాలు దుప్పట్లు ఉతికింది. నాలుగో దినం బిందెలో అడుగున నీళ్ళుండాయి, ట్యాంకరు రాలేదు. మధ్యాన్నం అన్నం తినిపించి, గ్లాసు బోర్లించి, మూలన పెట్టేసింది. ఎవురూ నేర్పలే. దానంతట అదే.

మాపటేల అర్చన మొదలుపెట్టింది. టక్ టక్ టక్ అని. ఆ పిల్ల "అయ్యో, ఎంత ముద్దుగా చేస్తాందో" అని నవ్వింది. పాపమ్మ గరిటె ఎత్తింది.

నేను నవ్వలేదు. అర్చన కండ్లు గ్లాసు మీద ఉండాయి. అన్ని దినాలూ నా మీద అనుకుంటాంటి.

లేచిపోయి తాపినా. ముట్టుకోవద్దన్నారు కదా, ఆ ఆర్డరు వాళ్ళ కాడ్నే పెట్టుకోమను. గ్లాసు వదలలేదు, పండ్లతో పట్టుకునింది.

నీ మీద కోపం పోలేదు. జవాబు రాయాల్సిన పని లేదు.

విమలమ్మ


కుప్పం,
20 జూన్.

చిన్నమ్మా,

జవాబు రాయొద్దన్నావు. వేరే ఎవరికి రాయాలి?

నేను చెప్పింది నీళ్ళ గురించి. వాళ్ళకు వినపడింది నీ పేరు. ఈ ముక్కను ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా రాసుకున్నా కోపం తీరలేదు. మాటలు పేర్చుకోవడం వచ్చినంత సులభంగా మనుషులకు వినిపించడం రాలేదు నాకు.

కోర్సులో చివరి రెండు నెలలు ఏదైనా ఒకచోట పని చెయ్యాలి. కుప్పం అడిగి మరీ వేయించుకున్నాను. వి.కోట పిల్ల పోయింది. ఇప్పుడు నువ్వు నిలబడినచోట నేను నిలబడ్డాను. అదే గడప, అదే బిందె, అదే పాపమ్మ. "మీ చిన్నమ్మ మాదిరే నడుస్తావే" అంటుంది.

అంకయ్య వస్తాడు, రాడు. వస్తే పొద్దున్నే మీకే ఫస్ట్ అంటాడు, వచ్చేది మాపటికి. శాలేము రాజు గారు రోజూ వరండా దాకా వచ్చి, "మదనపల్లె ట్రైనింగ్ అమ్మాయి ఉందిగా, ఇంక మనకు దిగులు లేదు" అని పోతారు. రెండో ఆయా అంటే ప్రార్థన. నువ్వు రాసినప్పుడు నవ్వుకున్నాను, ఇప్పుడు గోడకు తల కొట్టుకోవాలని ఉంది.

మొన్న జరిగింది నీకు చెప్పాలి. అర్చనకు అడిగినప్పుడల్లా నీళ్ళు ఇస్తూ వచ్చాను. పక్క తడుస్తూ వచ్చింది. ఉతికినవి ఆరలేదు, మబ్బు పట్టింది, వాన మాత్రం లేదు. ఒక్కటే పొడి దుప్పటి మిగిలింది. వీపు మీద ఎర్రగా మచ్చ లేస్తోంది. ఆ పిల్ల టక్ మంది. నేను గ్లాసు తీశాను. దుప్పటి వైపు చూశాను. గ్లాసు మళ్ళీ మూలన పెట్టేశాను.

పాఠాలన్నీ నాకు కంఠతా వచ్చు చిన్నమ్మా. అయినా పెట్టేశాను. కాసేపటికి తట్టుకోలేక తిరిగి వెళ్ళి తాపాను, కానీ పెట్టిన చెయ్యి నాదే.

టీచరుకు రాశాను. కమిటీ వాళ్ళను కూర్చోబెట్టి క్లాసు చెప్పడానికి శాలేము రాజు గారిని ఎట్లాగో ఒప్పించారంట, ఈ నెలాఖరుకు వస్తారు. దానిమీద కూడా నాకు నమ్మకం లేదు. విని, టీ తాగి, లేచిపోతారు.

నీళ్ళు ఇస్తే తడుస్తుంది, తడిస్తే పుండు పడుతుంది, ఇవ్వకపోతే ఒళ్ళు చెడుతుంది. దీనికి జవాబు నా కాగితాల్లో లేదు. ఆదెమ్మ ఉన్నప్పుడు ఏం చేసేవాళ్ళు మీరు? అప్పుడు నీళ్ళు ఇచ్చేవాళ్ళు కదా? కోపం నీ దగ్గరే ఉంచుకుని, ఇదొక్కటి చెప్పు.

షైలజ


పుంగనూరు,
29 జూన్, ఆదివారం.

బిడ్డ షైలజకు చిన్నమ్మ రాసేది.

ఈ జాబు పోస్టులో రాదు, మీ టీచరమ్మ చేతిలో వస్తాది. మదనపల్లె నుంచి కుప్పం పోతా పోతా ఈడ దిగింది. నేను చర్చి నుంచి వచ్చి చూస్తే మీ అమ్మతో కూసోని కాఫీ తాగతాంది. తిడదామని మాటలు సర్దుకుంటాంటి. ఆయమ్మ నన్ను ఏందీ అడగలేదు. "అర్చనకు ఎప్పుడు ఒంటికి వస్తుందో మీకెట్లా తెలిసేదమ్మా?" అనింది. ఏడేండ్లలో ఎవురూ అడగని మాట అది. నా నోట్లో తిట్టు నోట్లోనే పోయింది. ఆయమ్మ బస్సుకు ఇంకా టైము ఉండాదని బిరబిరా రాస్తాండాను. బయట అటూ ఇటూ తిరగతాంది, తొందర చేయడం లేదు.

నువ్వు అడిగిందానికి చెప్తా ఇను. నీళ్ళు తాగినాక కొంచేపటికి అర్చన ఎడమ కాలు మోకాటి కాడ ముడుస్తాది. మడమతో దుప్పటిని రాస్తాది. అప్పుడు ఎత్తి బకెట్టు మీద కూసోబెడితే పోసేస్తాది, పక్క తడవదు. ఆదెమ్మా నేనూ చెరో పక్క చంకల కింద చెయ్యేసి ఎత్తుతాంటిమి. నీళ్ళు అడిగినన్ని ఇస్తాంటిమి. ఆదెమ్మ పోయినాక నేనొక్కదాన్నే ఎత్తబోతే పిల్ల జారి కింద పడింది. పెదవి పగిలింది. దాని తర్వాత ఎత్తలేదు. ఎత్తలేనప్పుడు తడుపుతాది, తడిపితే ఉతకడానికి నీళ్ళు లేవు. ఆ ఇరకాటంలో మధ్యాన్నం తర్వాత దానికి నీళ్ళు ఆపేసి, పద్ధతి అన్న్యా.

నువ్వు ఒక్కదానివే ఎత్తొద్దు. మంచి బిడ్డవు కదా, ఎత్తొద్దు.

నువ్వు గ్లాసు మూలన పెట్టినావని సదివి రొండు దినాలు నాకు అన్నం దిగలేదు. నిన్ను ఎత్తిపొడుద్దామని కాదు. నా బిడ్డ కూడా అట్లా చేసిందంటే, ఆ చోటే అట్లాంటిదని తెల్సింది. నీ మీద కోపం ఇంకా కొంచెం ఉండాది. ఎదురుగా కూసోబెట్టుకోని తిడతా, జాబులో తిడితే తృప్తి లేదు.

మీ టీచరమ్మ రేపు పదింటికి కమిటీ వాళ్ళను రమ్మనిందంట. శాలేము రాజు సారు నన్ను గేటు దాటనీకుండా చూస్తాడేమో. చూడనీ. గేటు కాడ నిలబడి గట్టిగా చెప్తా, నా గొంతు నీకు తెల్సు కదా. లోపలికి రానిస్తే మంచిది. మీ టీచరమ్మ పాఠం చెప్పేది చెప్పనీ. అది అయినాక వాళ్ళు టీ తాగకముందే అర్చనను వాళ్ళ ముందరికి తీసకొద్దాం. నీళ్ళు తాపుదాం. ఊరికే కూసోని కాలు చూడమందాం. కాలు ముడిస్తే ఎత్తాల్సింది ఇద్దరు. ముందు నేనొక పక్క పట్టుకోని, రెండో పక్క సారునే పట్టుకోమంటా. "ప్రార్థన తర్వాత సారూ, ఇప్పుడు చెయ్యి పెట్టు" అంటా. పెడితే బరువు తెలుస్తాది. పెట్టకపోతే పక్క తడుస్తాది, అది కూడా వాళ్ళే చూడాల.

నాకు ఉద్యోగం ఇస్తే ఇస్తారు, లేకుంటే లేదు. ఇంకొకామెను పెట్టినా సరే, నేను నేర్పించి వస్తా. ఇద్దరు ఉండాల, అంతే.

రేపు పొద్దున మొదటి బస్సుకు బయల్దేరతాండాను. నువ్వు పెందలాడే లేచి, నేను వచ్చేదాకా కాచుకోకుండా, దానికి ఒక గ్లాసు నీళ్ళు తాపు. తాపేటప్పుడు చిన్నమ్మ వస్తాందని చెప్పు. దాని గురించి పాపమ్మతో చెప్పడం కాదు, దానితోనే చెప్పు.

విమల చిన్నమ్మ